పిల్లాడి చేతికి అందే పాట

హోసూరు దగ్గరి మా తెలుగు బడిలో ఉదయం ప్రార్థన అయ్యాక మూడో తరగతి గదిలో ఐదు నిమిషాలు పాట ఉంటుంది. రెండేళ్ల కిందట ఆ ఐదు నిమిషాలు నాకు ముల్లులా గుచ్చుకునేవి. పద్దెనిమిది మంది గొంతెత్తి పాడుతుంటే, ఒక పిల్లాడు గోడ పక్కన చక్రాల కుర్చీలో కూర్చుని వినేవాడు. సెరిబ్రల్ పాల్సీ వల్ల వాడికి మాట రాదు. కుడి చెయ్యి పిడికిలి విప్పదు, ఎడమ చెయ్యి వణుకుతుంది. కానీ పాట మొదలవగానే ముఖం మారిపోయేది. పాట ఆగితే గది అంతా కళ్లతో వెతికేవాడు.

వీడి కోసం ఏదైనా చేయాలని టౌనుకు వెళ్లి 900 రూపాయలు పెట్టి ఒక బొమ్మ పియానో తెచ్చాను. రంగురంగుల బటన్లు, మెరిసే లైట్లు. అది మూడు రోజులు కూడా పనికి రాలేదు. బటన్లు చిన్నవి, గట్టివి. వాడి చెయ్యి ఒకటి మీద పడబోయి మూడింటి మీద పడేది. ఒక్కసారి నొక్కితే ఇంగ్లీషు పాట మొత్తం వచ్చేది, మధ్యలో ఆపే దారి లేదు. ఒకసారి ఆ మోతకు ఉలిక్కిపడి ఏడ్చాడు. లోపం పిల్లాడిలో ఉందనుకుని బొమ్మను బీరువాలో పెట్టేశాను. లోపం బొమ్మ తయారీలో ఉందని, దాన్ని కొన్న నా చూపులో ఉందని తర్వాత తెలిసింది.

ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు వాయిద్యాలు, బొమ్మలు, ఆప్‌లు ఎలా తయారవుతాయో చదవడం అప్పుడే మొదలుపెట్టాను. చదివినది, మా గదిలో చేసి చూసినది ఇక్కడ పంచుకుంటున్నాను. నేను థెరపిస్టును కాను, బడి పంతులును. ఇది ఆ మేరకే.

ఏ కదలిక వాడి మాట వింటుంది?

మామూలు వాయిద్యం మనిషి చేతిని తనకు తగ్గట్టు మార్చుకోమంటుంది. వీణ నేర్వాలంటే వేళ్లు వీణ దారికి రావాలి. ఈ పిల్లల విషయంలో లెక్క తిరగబడాలి. వాయిద్యమే పిల్లాడి దగ్గరికి రావాలి.

ఈ దారిలో పేరున్న పనిముట్టు సౌండ్‌బీమ్. బ్రిటన్‌కు చెందిన ఎడ్వర్డ్ విలియమ్స్ అనే సంగీతకారుడు 1980లలో దీన్ని మొదట నాట్యకారుల కోసం తయారు చేశాడు. మన చెవికి వినిపించని శబ్ద తరంగాలను అది గాలిలోకి పంపుతుంది. ఎదురుగా ఉన్న చెయ్యి ఎంత దూరంలో ఉందో కొలిచి, ఆ దూరాన్ని స్వరంగా మారుస్తుంది. దేన్నీ ముట్టుకోనక్కర్లేదు, నొక్కనక్కర్లేదు. గాలిలో చెయ్యి కదిపితే చాలు. బలం లేని పిల్లలకు ఇదే కావాలని ప్రత్యేక పాఠశాలలు గుర్తించడంతో, నాట్యానికి పుట్టిన పరికరం తరగతి గదికి చేరింది.

రెండోది ఆమి. అమెరికా సంగీతకారిణి పౌలీన్ ఒలివెరోస్, ఆక్యుపేషనల్ థెరపిస్టూ డ్రమ్ము వాయించే కళాకారిణీ అయిన లీఫ్ మిల్లర్ కలిసి 2007లో ఈ పనికి శ్రీకారం చుట్టారు. శరీరం చాలా కొద్దిగా మాత్రమే కదిలే పిల్లలు కూడా అందరితో కలిసి వాయించాలన్నది వాళ్ల ఆలోచన. కంప్యూటర్ కెమెరా పిల్లాడి ముఖం మీద ఒక చుక్కను గుర్తుపెట్టుకుంటుంది. తల కొంచెం కదిలితే తెర మీద ఆ చుక్క గీత దాటుతుంది, దాటగానే శబ్దం వస్తుంది. ఈ సాఫ్ట్‌వేర్‌ను ఉచితంగానే ఇస్తున్నారు.

ఈ రెండింటి వెనకా ఉన్న ప్రశ్న ఒకటే: ఈ పిల్లాడి శరీరంలో ఏ కదలిక వాడి మాట వింటుంది? కనురెప్ప కావచ్చు, గడ్డం కావచ్చు, కాలి బొటనవేలు కావచ్చు. పరికరం సంగతి ఆ తర్వాత.

మా వాడి తల్లిని, బడికి వచ్చే ఫిజియోథెరపిస్టును కూర్చోబెట్టుకుని వారం రోజులు గమనించాం. తల పక్కన స్విచ్ పెడదామని నేననుకున్నాను. ఫిజియోథెరపిస్టు వద్దన్నారు. కొందరు పిల్లలు తల ఒక పక్కకు తిప్పితే ఆ పక్క చెయ్యి దానంతటదే చాచుకుపోతుందట. తలతో పదే పదే నొక్కిస్తే ఆ అలవాటే బలపడవచ్చని చెప్పారు. చివరికి తల్లే దారి చూపింది. "సార్, ఆకలైతే వీడు ఎడమ మోకాలితో కుర్చీని తడతాడు" అంది. మూడేళ్లుగా వాడు మోకాలితో మాట్లాడుతూనే ఉన్నాడు. మేమే చేతుల వైపు చూస్తూ కూర్చున్నాం.

అట్టముక్క, స్పాంజి, పాత మౌస్

ఎమ్ఐటీ మీడియా ల్యాబ్‌లో చదివిన జే సిల్వర్, ఎరిక్ రోజెన్‌బామ్ 2012లో మేకీ మేకీ అనే చిన్న బోర్డును బయటికి తెచ్చారు. విద్యుత్తు కొంచెమైనా పారే దేన్నయినా, అరటిపండునైనా, కంప్యూటర్ కీగా మార్చేస్తుందది. పిల్లాడు మెత్తటి పండును ముట్టుకుంటే డప్పు మోగుతుంది. వెల పెట్టగలిగిన బడులకు మంచి వస్తువు. మా దగ్గర అది లేదు. దాని వెనకున్న సూత్రం మాత్రం అందరికీ అందుతుంది: రెండు లోహపు ముక్కలు తగిలితే క్లిక్, విడిపోతే లేదు.

రెండు అట్టముక్కలకు వంటింటి అల్యూమినియం రేకు అతికించాం. మధ్యలో పెద్ద రంధ్రం చేసిన స్పాంజి పెట్టాం. నొక్కితే రంధ్రంలోంచి రేకులు తగులుతాయి, వదిలితే స్పాంజి విడదీస్తుంది. ఒక్కో రేకుకు ఒక్కో తీగ. పాత మౌస్ ఎడమ బటన్‌కు ఆ తీగలను సెల్‌ఫోన్ రిపేరు కుర్రాడు టంకం పెట్టి ఇచ్చాడు. ఖర్చు 60 రూపాయల లోపే. మౌస్‌కు కంప్యూటర్ నుంచి వచ్చేది 5 వోల్టులే కాబట్టి భయం లేదు. ఇంట్లో గోడ ప్లగ్గుకు తగిలే కాలింగ్ బెల్లులాంటి వాటితో మాత్రం ఈ ప్రయోగం ఎప్పుడూ చేయకూడదు.

బడి కంప్యూటర్‌లో పవర్‌పాయింట్ తెరిచి స్లయిడ్‌కు ఒక శబ్దం పెట్టాం. క్లిక్ చేస్తే స్లయిడ్ మారుతుంది, మారగానే శబ్దం వస్తుంది. కాయితం మీద అంతా బాగుంది. పిల్లాడి ముందు పెట్టగానే మూడు తప్పులు బయటపడ్డాయి.

మొదటిది ఆలస్యం. శబ్దం పెద్దగా రావాలని బ్లూటూత్ స్పీకర్ పెట్టాను. నొక్కాక చిటికెలో సగం సేపు ఆగి మోగేది. మనకు అది లెక్కలోకి రాదు. కానీ తన వల్లనే శబ్దం వచ్చిందని ఇప్పుడిప్పుడే తెలుసుకుంటున్న పిల్లాడికి ఆ మాత్రం ఆలస్యం చాలు, లంకె తెగిపోతుంది. మోకాలు వదిలేసి వాడు వేరే వైపు చూసేవాడు, అప్పుడు మోగేది. తీగ ఉన్న పాత స్పీకర్ పెట్టాక ఆ బాధ పోయింది.

రెండోది వణుకు. ఒక్క నొక్కు మూడు క్లిక్కులయ్యేది, శబ్దాలు ఒకదాని మీద ఒకటి పడేవి. స్పాంజి మందం పెంచి, స్విచ్‌ను మోకాలికి అర అంగుళం ఎడంగా కట్టాం. సర్దుకుంది. మేకీ మేకీలాగా కీబోర్డు బదులు పనిచేసేవాటికైతే విండోస్‌లోనే ‘ఫిల్టర్ కీస్’ అని ఉంది. వెంటవెంటనే పడే నొక్కులను అది లెక్కలోకి తీసుకోదు.

మూడోది నా తొందర. వాడు నొక్కేలోపే "నొక్కు నాన్నా, నొక్కు" అని వెంటపడేవాణ్ని. వాడికి వినడానికి, అనుకోవడానికి, మోకాలిని కదిలించడానికి వ్యవధి కావాలి. ఇప్పుడు మనసులో పది అంకెలు లెక్కపెడతాను. తరచూ ఏడుకో ఎనిమిదికో వాడి నొక్కు పడుతుంది.

అపశ్రుతి లేని వాయిద్యం

నొక్కిన ప్రతిసారీ తప్పు స్వరం వస్తే ఏ పిల్లాడికైనా విసుగే. జర్మనీకి చెందిన కార్ల్ ఓర్ఫ్ పద్ధతిలో సంగీతం నేర్పేవాళ్లు పిల్లల జైలోఫోన్ మీద పొసగని పలకలను ముందే తీసేసి, ఐదు స్వరాలే ఉంచుతారు. ఇక ఎక్కడ కొట్టినా ఇంపుగానే ఉంటుంది.

మనకిది కొత్త సంగతి కాదు. స, రి, గ, ప, ధ అనే ఐదు స్వరాల మోహన రాగం మన చెవులకు ఎప్పటి నుంచో అలవాటే. ఇంట్లో పిల్లల కీబోర్డు ఉంటే చూడండి. దాని నల్ల మెట్లు మాత్రమే వాయిస్తే వచ్చేవి మోహన రాగ స్వరాలే. మూడు నల్ల మెట్ల గుంపులో మొదటిదాన్ని ‘స’ అనుకుని కుడివైపు వెళ్తే సరి. పైగా నల్ల మెట్లు ఎత్తుగా ఉంటాయి. వాటి మీద ఒక చెక్క స్కేలు అడ్డంగా పెడితే, వేళ్లు విడివిడిగా కదపలేని పిల్లలు కూడా అరచేత్తో అదిమి వాయించవచ్చు. తల్లి పక్కన కూర్చుని అవే నల్ల మెట్ల మీద జత కలిపితే ఇద్దరి కచేరీ అయిపోతుంది.

అందరికీ శబ్దం సుఖంగా ఉండదన్నదీ గుర్తుండాలి. ఆటిజం ఉన్న పిల్లల్లో కొందరికి కొన్ని శబ్దాలు బాధ పెడతాయి, చెవులు మూసుకుంటారు. కాబట్టి మొదలుపెట్టే దారి ఎంత ముఖ్యమో ఆపే దారి అంత ముఖ్యం. ‘చాలు’ అని చెప్పగలిగే వీలు పిల్లాడికి లేని వాయిద్యం మంచి వాయిద్యం కాదు. మూర్ఛ వచ్చే పిల్లల దగ్గర మిణుకుమిణుకుమనే లైట్లున్న బొమ్మలు డాక్టరును అడగకుండా పెట్టకూడదు.

పాట ఏ భాషలో?

స్విచ్ కుదిరింది. దాని వెనక ఏ శబ్దం పెట్టాలి? ఇంట్లో పాడే పాట రికార్డు చేసి పంపమని తల్లిని అడిగాను. ఆమె తల దించుకుంది.

"ఇంట్లో పాటలు మానేశాం సార్. ఒకచోట చూపించినప్పుడు, వీడికి ఒక్క భాషే ఎక్కువ, తెలుగు మాట్లాడకండి, తమిళమో ఇంగ్లీషో ఏదో ఒకటే పెట్టుకోండి అన్నారు. నాకు వచ్చే పాటలన్నీ తెలుగే. అవి మానితే నేనేం పాడేది?"

ఈ మాట విన్న తల్లులు మన బడుల చుట్టుపక్కల ఇంకెంతమందో. హోసూరులో తమిళం, బళ్లారిలో కన్నడం, బరంపురంలో ఒడియా, షోలాపూర్‌లో మరాఠీ. ఊరు మారినా సలహా మారదు. చెప్పేవాళ్లకు చెడు ఉద్దేశం ఉండదు, బరువు తగ్గిద్దామనే అనుకుంటారు. కానీ పరిశోధనలు అటువైపు చూపడం లేదు. కెనడాలో ఎలిజబెత్ కే-రెయినింగ్ బర్డ్ బృందం 2005లో డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లలను పరిశీలించింది. రెండు భాషల పిల్లలు ఒక్క భాష పిల్లలకంటే వెనకబడినట్టు కనిపించలేదు. 2012లో అక్కడే 75 మంది ఆటిజం పిల్లల మీద జరిగిన అధ్యయనంలోనూ, రెండు భాషల ఇంట్లో పెరిగినందుకు మాట అదనంగా ఆలస్యమైనట్టు తేలలేదు. ఇవి చిన్న అధ్యయనాలే. అయినా ఇంటి భాష మానేయమనే సలహాకు ఆధారం వీటిలో దొరకదు.

నష్టం మాత్రం కళ్లెదుటే ఉంది. తల్లికి సరిగా రాని భాషలో ఆమె లెక్కపెట్టి నాలుగు మాటలే ఆడుతుంది. జోల ఉండదు, ముద్దు మాట ఉండదు, తిట్టు కూడా ఉండదు. మాట రాని పిల్లాడి చుట్టూ ఇల్లు కూడా మూగబోతే వాడు ఎవరి దగ్గర నేర్చుకోవాలి?

బజారులో దొరికే పాటల బొమ్మలు ఎక్కువగా ఇంగ్లీషు, హిందీ పాటలతోనే వస్తాయి. తెలుగు పాట ఉన్న బొమ్మ కోసం కాచుకుని కూర్చోనక్కర్లేదు. మన గొంతు రికార్డయ్యే పరికరం చూసుకుంటే చాలు. బిగ్‌మాక్ లాంటి ఒక్క బటన్ పరికరాలు అలాంటివే. ఒక మాట రికార్డు చేస్తే, నొక్కినప్పుడల్లా అదే పలుకుతుంది. అది కొనలేకపోతే సెల్‌ఫోన్ రికార్డింగు, పైన చెప్పిన అట్టముక్క సరిపోతాయి.

మేము వాడి అవ్వ గొంతు తీసుకున్నాం. బుర్రకథలో కథకుడికి వంతలు ఎలాగో, మా తరగతి పాటకు అవ్వ వంత అలాగ. పిల్లలు ఒక చరణం పాడి ఆగుతారు. ఆ ఖాళీలో వాడు మోకాలు కదుపుతాడు, అవ్వ గొంతు వంత అందుకుంటుంది. అప్పుడే తర్వాతి చరణం. కావాలనే ఖాళీ ఉంచి పిల్లాడు నింపేదాకా ఆగడం మ్యూజిక్ థెరపిస్టులు ఎప్పటి నుంచో వాడుతున్న పద్ధతి. 1959లో ఇంగ్లాండులో పాల్ నార్డాఫ్, క్లైవ్ రాబిన్స్ ప్రత్యేక అవసరాల పిల్లలతో కలిసి పని మొదలుపెట్టినప్పుడు, పిల్లాడు చేసే ఏ చిన్న శబ్దాన్నయినా సంగీతంగానే తీసుకుని దానికి బదులు వాయించేవారు.

ఎంత ఆశించాలి?

పాటతో మాట వచ్చేస్తుందని ఎవరైనా హామీ ఇచ్చి డబ్బు అడిగితే జాగ్రత్త. తొమ్మిది దేశాల్లో 364 మంది ఆటిజం పిల్లలతో జరిగిన పెద్ద పరీక్ష ఫలితాలు 2017లో వచ్చాయి. మామూలు చికిత్సకు మ్యూజిక్ థెరపీ చేర్చినందువల్ల ఆటిజం లక్షణాల తీవ్రత చెప్పుకోదగినంత తగ్గలేదని అందులో తేలింది. 26 అధ్యయనాలను కలిపి చూసిన 2022 నాటి కాక్రేన్ సమీక్ష మాత్రం, మొత్తం మీద పిల్లల పరిస్థితి మెరుగుపడే అవకాశం ఉందని చెప్పింది. రెండూ కలిపి చదివితే నాకు అర్థమైంది ఇది: పాట మందు కాదు, కానీ దండగా కాదు. మా వాడికి ఇప్పటికీ మాట రాలేదు. కానీ తరగతిలో వాడికొక పని వచ్చింది. అది వాడు తప్ప మరొకరు చేయలేని పని.

అడగవలసినవి

2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచిత విద్య హక్కు ఉంది. మాట్లాడలేని పిల్లలకు మాటకు బదులుగా వాడే ఇతర పద్ధతులను ప్రోత్సహించాలని కూడా ఆ చట్టం ప్రభుత్వాలకు చెబుతోంది. సమగ్ర శిక్షలో ప్రత్యేక అవసరాలున్న ఒక్కో విద్యార్థికి ఏడాదికి 3,500 రూపాయల వరకు కేటాయింపు ఉంది, ఉపకరణాలు అందులోకి వస్తాయి. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు ఏర్పాట్లు చేయాలని రాజ్యాంగంలోని 350ఎ అధికరణం చెబుతోంది. మన పిల్లాడికి ఈ రెండు వైపుల నుంచీ అండ ఉంది. బ్లాకు స్థాయి ప్రత్యేక టీచరు దగ్గరికి వెళ్లినప్పుడు రెండింటినీ కలిపి అడగండి. ఏ పరికరం ఇచ్చినా అందులో తెలుగు గొంతు పెట్టుకునే వీలుందా అని అడగడం మరవకండి.

కొనే ముందు వారం రోజులు

ఏదైనా కొనే ముందు ఒక నోటు పుస్తకంలో వారం రోజులు ఈ నాలుగు సంగతులు రాసి పెట్టుకోండి. థెరపిస్టుకైనా, టీచరుకైనా, దుకాణదారుకైనా దాన్ని మించిన సాయం లేదు.

ఒకటి, పిల్లాడు కావాలని చేసే కదలికలు ఏవి, ఏ పూట బాగా చేస్తున్నాడు. రెండు, ఏ శబ్దానికి తల తిప్పుతున్నాడు, దేనికి చెవులు మూసుకుంటున్నాడు. మూడు, ‘ఇంకా కావాలి’ అని ఎలా చెబుతున్నాడు, ‘చాలు’ అని ఎలా చెబుతున్నాడు. నాలుగు, ఇంట్లో ఎవరి గొంతు వినగానే ముఖం విచ్చుకుంటోంది. నాలుగోదానికి జవాబు దొరికితే ఆ గొంతును ఈరోజే ఫోనులో రికార్డు చేసి పెట్టుకోండి.

పోయిన నెల ఒక ఉదయం మా తరగతి చరణం పాడి ఆగింది. వంత రాలేదు. నేను మనసులో పది దాటి పదిహేను లెక్కపెట్టాను. స్విచ్ ఊడిందేమో చూద్దామని వంగబోయాను. ముందు వరసలో ఒకడు ఉండబట్టలేక తర్వాతి చరణం అందుకోబోయాడు. పక్కనున్న అమ్మాయి వాడి భుజం పట్టుకుని ఆపింది. "ఆగరా, వాడింకా చెప్పలేదు" అంది.

అందరం ఆగాం. వాడు మా అందర్నీ ఒకసారి చూశాడు. అప్పుడు మోకాలు కదిపాడు.